దూరం వాటా

మొన్న ఆదివారం మా తమ్ముడి మనవరాలు లహరి పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో ఎవరికీ ఆ లెక్కలు తెలియవు కాబట్టి నేనే దిక్కు. "పెద్ద తాతా, యే దేఖో, ఆన్సర్ ఆధా ఆ రహా హై. సగమే వస్తోంది, ఎందుకు?" అంటూ నోటుబుక్కు నా ఒళ్లో పెట్టి, మా ఆవిడ పళ్లెంలో తెచ్చిన జంతికలు నమలడం మొదలుపెట్టింది. కాగితం మీద ఇంగ్లీషు ఐ అక్షరం ఆకారంలో ఒక గర్డరు, దాని నెత్తిన ఒక ప్లేటు, పాదాల కింద మరో ప్లేటు. ఆ మూడూ కలిసిన ఆకారానికి జడత్వ భ్రామకం కట్టమని ప్రశ్న. పిల్ల గర్డరుది విడిగా, ప్లేట్లవి విడిగా కట్టి కూడేసింది. నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. చూపు ఆనక కాదు. అది నా తప్పు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు అచ్చంగా అదే బొమ్మ మీద, అదే చోట నేను చేసిన తప్పు.

"ప్లేట్లు ఎంత దూరంలో ఉన్నాయో రాశావా?" అన్నాను. "అర్రే! ఎ డి స్క్వేర్! భూల్ గయీ, మర్చేపోయాను," అని నెత్తి మీద ఒక్కటి కొట్టుకుని, రెండు గీతలు అడ్డంగా గీసి, పక్కన కొత్తది రాసి, నవ్వుకుంటూ వెళ్లిపోయింది. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందేమో. ఆ అమ్మాయి వెళ్లాక చాలాసేపు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. తప్పు చేసి, అది తప్పని తెలుసుకుని, కొట్టేసి, నవ్వడానికి నాలుగు నిమిషాలు చాలుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా మా ఇంట్లో అది చెల్లేది కాదు.

మా ఇల్లు అంటే అప్పట్లో ఉక్కు కర్మాగారం వాళ్లు ఇచ్చిన రెండు గదుల క్వార్టరు. కానీ మా నాయనమ్మ దాన్ని క్వార్టరు అని ఎప్పుడూ అనలేదు, "విడిది" అనేది. తాతగారు విజయనగరం వైపు ఒక ఊరికి మొఖాసాదారు, ఆ ఊరి శిస్తంతా ఆయనకే చెందేది. ఆ ఊరూ, ఆ భూములూ, ఆ కచేరీ సావడీ అన్నీ పోయి, మా నాన్నగారు భిలాయి వచ్చి టైమాఫీసులో గుమాస్తాగా చేరారు. నాయనమ్మ మాత్రం తాము ఎక్కడికో వెళుతూ దారిలో ఇక్కడ దిగామన్నట్టే ఇరవై రెండేళ్లు ఉండి, ఇక్కడే పోయింది. తెల్లవారుతూనే సిగిడీలో బొగ్గులు రాజేసిన పొగ, ఆ పొగలోంచి ఆమె పూజకు వెలిగించిన సాంబ్రాణి వాసన, ఆ రెండింటినీ చీల్చుకుంటూ మొదటి షిఫ్టు సైరను. దండెం మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఎర్రదుమ్ముతో ఇటుక రంగు తేలేది. ఆమె దాన్ని దులిపి, మడత పెట్టి, మర్నాడు నాన్నగారికి మళ్లీ తెల్లదని చెప్పే ఇచ్చేది. ఆయనా తెల్లదనుకునే కట్టుకునేవారు.

ఆ ఇంటికి ఒక్కటే చట్టం. నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి తీసుకోకూడదు. పక్క క్వార్టరులో ఉన్న బీహారు ఆవిడ పేరు సరిత. మేం దిగిన మొదటివారం నాయనమ్మ ఆవిణ్ణి "సావిత్రీ" అని పిలిచింది. అమ్మ మెల్లిగా, "సావిత్రి కాదత్తయ్యా, సరిత" అంది. "నేను సావిత్రి అన్నాను కదా" అంది నాయనమ్మ. అంతే. పదకొండేళ్లు ఆవిడ మా ఇంటికి సావిత్రే. "సావిత్రీ, నీ కొత్తిమీర కట్ట ఇలా పడేయ్!" అని గోడ మీంచి కేకేస్తే, "హాఁ మాజీ, ఆయీ" అని ఆవిడ పలికేది. చివరికి ఆవిడ మొగుడు కూడా మా ముందు ఆవిణ్ణి సావిత్రి అనడం మొదలుపెట్టాడు. ఇది మాకు నవ్వుకునే విషయంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పదకొండేళ్లూ ఆవిడకు ఎలా ఉండేదో ఒక్కసారైనా ఎవరమూ అడగలేదే అనిపిస్తుంది.

నేను పాలిటెక్నిక్‌లో చేరాను. పాఠం సగం హిందీ, సగం ఇంగ్లీషు. నేను పడమటింట్లో కూర్చుని జడత్వ భ్రామకాన్ని హిందీలో "జడత్వ ఆఘూర్ణ్, జడత్వ ఆఘూర్ణ్" అని వల్లె వేస్తుంటే నాయనమ్మ చెవిన ఒక్క జడత్వమే పడింది. "జడత్వం ఎంతుందో లెక్క కట్టడానికి కాలేజీ దాకా ఎందుకురా? ఆ వాలుకుర్చీలో మీ నాన్నని చూస్తే సరిపోదూ!" అంది. నాన్నగారు పేపరు దించకుండానే "వింటున్నానమ్మా" అన్నారు. "విను. వినమనే అన్నాను." నాకు ఆ మాట మీద నిజంగానే కుతూహలం ఉండేది. తెలుగులో జడం అంటే కదలనిది, మొద్దు. ఇక్కడి వాళ్ల హిందీలో జడ్ అంటే వేరు, చెట్టు వేరు. ఒక దూలం బరువు మీద పడ్డప్పుడు వంగనని ఎంత మొండికేస్తుందో చెప్పే అంకె అది. ఆ మొండితనం ఇనుములో ఉందా, ఆకారంలో ఉందా అని నాకు సందేహం. కానీ క్లాసులో చెయ్యెత్తి అడిగేవాణ్ణి కాదు. అడగడమంటే తెలియదని ఒప్పుకోవడం. మా ఇంటివాళ్లు అడిగించుకునేవాళ్లే కాని అడిగేవాళ్లు కారు. అందువల్ల ఆ పాఠంలో సగం నా చెవుల పక్కనుంచి పోయింది. పోయిన సగం ఏదో నాకు తెలియదు కాబట్టి అంతా వచ్చుననే అనుకున్నాను.

అలాంటి రోజుల్లో సింహాచలం మా గుమ్మంలోకి వచ్చాడు. ఇకమీద ఆయన అని రాస్తాను. అప్పట్లో మా ఇంట్లో పెద్దా చిన్నా అందరం "వాడు" అనేవాళ్లం. ఆయన తండ్రి మా తాతగారి దగ్గర పాలేరు. సింహాచలం మాకంటే ముందే భిలాయి వచ్చి, క్యాంప్ 2లో ఒక గదిలో ఆరుగురితో ఉంటూ వెల్డింగు నేర్చుకుని, తర్వాత ఖుర్సీపార్‌లో రేకుల షెడ్డు వేసుకున్నారు. ముప్పై అయిదేళ్లుంటాయి. నిప్పురవ్వలు పడి ముంజేతుల నిండా చిన్న చిన్న మచ్చలు. ఆయన టేపు పట్టిన చోట మళ్లీ టేపు పెట్టక్కర్లేదని ఖుర్సీపార్‌లో అందరూ అనేవారు. పక్క షెడ్ల వాళ్లు సైతం తేడా వచ్చినప్పుడు ఆయన్నే పిలిచి కొలిపించుకునేవారు.

"ఏటి సింహాచలం, ఇలా వచ్చావు?" అంది నాయనమ్మ.

"చినబాబుతో పనడిందమ్మగారూ. కుమ్హారిలో షెడ్డు కడతన్నారు. బరువులెత్తే సైన్ పుల్లీ ఎల్లాడదీడానికి గర్డరు సేసిమ్మన్నారు. నా సొంతంగా ఇదే మొదుటి పని. గర్డరు పైనో ప్లేటు, కిందో ప్లేటు అంటించీసేను. ఏనుగునెట్టినా ఒంగదు. అయితే ఆ ఇంజినీరు బాబు కాయితం మీద సూపించమంతన్నాడు. నా దగ్గిర ఇనుముంది గానీ కాయితం నేదు."

"మా వాడి దగ్గర కాగితమే ఉంది" అన్నారు నాన్నగారు పేపరు వెనకనుంచి.

సింహాచలం అంకెలు చెప్పారు. నేను రాసుకున్నాను. గర్డరు ఎత్తు ఇరవై సెంటీమీటర్లు. ప్లేట్ల వెడల్పు పది, మందం ఒకటి. పొడవూ, వాళ్లు అడిగిన బలమూ కూడా చెప్పారు. నేను అరుగు మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని పట్టిక చూశాను. గర్డరుకి రెండు వేల రెండు వందల ముప్పై అయిదు. ప్లేటుది సూత్రం వేసి కడితే ఒకటి కూడా రాలేదు. రెండు ప్లేట్లూ కలిపితే ఒకటిన్నర పైచిలుకు. రెండు వేల మీద ఒకటిన్నర! నాకు ఆశ్చర్యం వేసింది. ఆశ్చర్యం వేసినప్పుడు ఆగి అడగాలి. నేను ఆగలేదు. "సింహాచలం, నీ ప్లేట్ల వల్ల ఏమీ లాభం లేదు. ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. వాళ్లు అడిగిన బలంలో సగమే వచ్చింది" అన్నాను.

ఆయన నవ్వారు. "సాల్లెండి బాబూ, పరాసికాలాడకండి."

"పరాచికం కాదు. లెక్క."

"ప్లేటు అంటించితే గర్డరు గట్టిపడదేటి? సిన్నప్పటికాణ్ణించి సేత్తన్నాను."

"నువ్వు చేస్తున్నావు. నేను చదివాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. కాగితం కింద నేను ఇంగ్లీషులో ఒక వాక్యం కూడా రాసి, అడక్కుండానే సంతకం పెట్టాను. ప్లేట్ల వల్ల ప్రయోజనం లేదు, గర్డరు చాలదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. చూసే ఇంజనీరుకే తెలుస్తుందిలే అనుకున్నారేమో, మా ఇంటి కాగితం దాచడం తప్పనుకున్నారేమో, దాన్ని అలాగే మడిచి తీసుకెళ్లారు. ఆ ఇంజనీరు పైనున్న లెక్క చూడలేదు, కిందున్న వాక్యం చదివాడు. గర్డరు పనికిరాదు, తీసుకుపొమ్మన్నాడు.

మూడో రోజు ఆయన మళ్లీ వచ్చారు. కోపంగా లేరు. ఉంటే నాకు సులువుగా ఉండేది. "ఓసారి మా షెడ్డుకి రండి బాబూ. ఒకటి సూపిస్తాను. మీరే సెప్పండి" అన్నారు. సైకిలు వెనక కూర్చుని ఖుర్సీపార్ వెళ్లాను. షెడ్డులో కాలిన ఇనుము వాసన, గ్రీజు వాసన, పక్కింట్లోంచి ఎండుచేపల పులుసు వాసన. ఆయన రెండు ఇటుకల మీద ఒక సన్నటి ఇనుప పట్టీ పెట్టి, నా చేతితో నొక్కమన్నారు. వంగింది. దాని మీదే ఇంకో పట్టీ పెట్టారు. నొక్కితే రెండూ కలిసి వంగాయి. అప్పుడు మూల నుంచి ఇంకొకటి తెచ్చారు. అవే పట్టీలు రెండు, నడుమ జానెడు ఎడంగా చిన్న చిన్న ముక్కలు పెట్టి అతికించినవి. "ఎక్కండి" అన్నారు. నేను ఎక్కి నిలబడ్డాను. వంగలేదు. "గెంతండి." మా ఇంటివాళ్లు గెంతరు. అయినా గెంతాను. ఏమీ కాలేదు.

"ఇనుమదే కదా బాబూ? మద్దిన ముక్కలు పట్టుకోడానికే. మారింది దూరమొక్కటే. మరి మీ లెక్కలో ఆ దూరం ఎక్కడుంది?"

ఇంజనీరు తిప్పి పంపిన నా కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని చూశాను. ఎక్కడా లేదు. గర్డరు నడుమకూ ప్లేటుకూ మధ్య పదిన్నర సెంటీమీటర్లు. ఆ పదిన్నర నా కాగితంలో ఎక్కడా లేదు. ప్లేటు పైన ఉన్నా, నేల మీద పడి ఉన్నా, మా ఇంట్లో ఉన్నా నా లెక్క ఒకటే చెప్పేది.

ఇంటికి వచ్చి పుస్తకం తీశాను. నా చెవి పక్కనుంచి పోయిన సగం అక్కడ ఒక్క గీతలో ఉంది. ఒక ముక్క మొండితనం దాని సొంత నడుమ గీత చుట్టూ ఉన్నది ఒక్కటే కాదు. అన్ని ముక్కలకూ ఉమ్మడిగా ఉన్న గీతకు అది ఎంత దూరాన ఉందో, ఆ దూరాన్ని దూరంతోనే హెచ్చించి, ముక్క వైశాల్యంతో మళ్లీ హెచ్చించి కలపాలి. పదిన్నర పదిన్నరలు నూట పదీ పావు. వైశాల్యం పది. ఒక్కో ప్లేటుకి పదకొండు వందల రెండున్నర. రెండు ప్లేట్లకి రెండు వేల రెండు వందల అయిదు. ఆ ప్లేట్లు గర్డరుతో దాదాపు సమానం. ఆయన బలం రెట్టింపు చేశారు, కాగితం లేకుండా. ఆ సాయంత్రం నాకు సిగ్గు కంటే ముందు సంతోషమే కలిగిందని చెప్పాలి. తనకు తానుగా ఒకటైనా విలువ లేని వస్తువు, దూరంగా నిలబడినందువల్ల వెయ్యికి పైగా అవుతుంది. సగం దూరానికి తెస్తే నాలుగో వంతే మిగులుతుంది. దూరమెందుకు రెండుసార్లు పని చేస్తుందని ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా చారులో వేలు పెట్టి గీతలు గీస్తుంటే నాయనమ్మ చెయ్యి మీద ఒకటి కొట్టింది.

మర్నాడు సింహాచలానికి చెప్పాను, లెక్క మారిందని. తప్పని అనలేదు, మారిందన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "అంటే ప్లేటుకి సొంత వాటా రాసేరు, దూరం వాటా ఎగ్గొట్టీసేరన్నమాట" అన్నారు. వాటాలు పంచుకుని పంచుకుని పోయిన ఇంటివాణ్ణి నేను. ఆ మాట చురుక్కుమంది. కానీ యాభై ఏళ్లలో ఆ సిద్ధాంతాన్ని అంత తేటగా చెప్పినవాళ్లను నేను మళ్లీ వినలేదు.

ఇద్దరం కుమ్హారి వెళ్లాం. ఒక బల్ల, మూడు కుర్చీలు, నలుగురు మనుషులు ఉన్న ఆఫీసు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఇంజనీరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఈసారీ కింది వాక్యాలే చూశాడు. కుర్రవాణ్ణని కూర్చోమనలేదు. "పహలే ఆధా, అబ్ దుగనా. బీచ్ మే క్యా హువా?" అన్నాడు. మొదట సగం అన్నావు, ఇప్పుడు రెట్టింపంటున్నావు, మధ్యలో ఏమైంది అని. అక్కడ నేను అనాల్సింది ఒక్క మాట. నాకు అది హిందీలో వచ్చు, ఇంగ్లీషులో వచ్చు, తెలుగులో వచ్చు. నోరు తెరిచాను. "నాప్ గలత్ దియా థా" అని వచ్చింది. కొలతలు తప్పుగా ఇచ్చారని.

సింహాచలం నా వైపు చూశారు. ఎంతసేపో కాదు. తర్వాత ఇంజనీరు వైపు తిరిగి, "హాఁ సాబ్. నాప్ మే మేరా గల్తీ" అన్నారు. కొలతల్లో తప్పు తనదేనని.

"ఇత్నా బడా కారీగర్, ఔర్ టేప్ పకడ్నా నహీఁ ఆతా?" అన్నాడు ఇంజనీరు. ఇంత పెద్ద పనివాడివి, టేపు పట్టుకోవడం రాదా అని. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సింహాచలం కూడా కొంచెం నవ్వారు. గర్డరు పాసయింది.  తిరిగి వచ్చే దారిలో ఆయన ఒకచోట సైకిలు ఆపి నాకు చెరుకురసం ఇప్పించారు. నేను తాగాను.

ఆయన పని నిలబడింది, పెరిగింది కూడా. అదొక్కటే నాకు చాలాకాలం ఊరట. కానీ ఆ ఆఫీసు వాళ్లు ఎక్కడ ఆయనకు పని ఇచ్చినా, ఆయన కొలిచాక వెనకనే ఒక మనిషిని పంపి మళ్లీ కొలిపించేవారని తర్వాత విన్నాను. ఏళ్ల తరబడి అలాగే జరిగిందట. టేపు పట్టడంలో ఖుర్సీపార్ మొత్తానికి పెద్దమనిషి, మొదటి కొన నేలకు ఆనించి, ఇంకో మనిషి వచ్చి చూసేదాకా అలా నిలబడేవారన్నమాట. నేను డ్రాఫ్ట్స్‌మన్ని అయ్యాను. డిజైన్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పని చేశాను. ఎన్ని వేల ఆకారాలకు దూరం వాటా కలిపానో లెక్క లేదు. ఒక్కటీ మరిచిపోలేదు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు నేను చాలా జాగ్రత్తపరుణ్ణని చెప్పుకునేవారు.

లహరి వెళ్లిన మర్నాడు ఉదయం ఆటో ఎక్కి ఖుర్సీపార్ వెళ్లాను. షెడ్డు ఇప్పుడు ఆయన కూతురు రత్నం చూస్తోంది. కంప్యూటరులో బొమ్మ గీసి అంకెలు కొడితే క్షణంలో జవాబు వచ్చే రోజులివి. ఆమె బల్ల మీద కూడా కంప్యూటరుంది. సింహాచలం గారు షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఎండకు కూర్చున్నారు. తొంభైకి దగ్గరపడ్డారు. చెవులు బాగానే ఉన్నాయి, కళ్లే కొంచెం మసక. నన్ను గొంతుతో పోల్చుకున్నారు.

"ఏటి చినబాబూ, దారి తప్పేరేటి?"

"సింహాచలం గారూ, ఒకటి చెప్పాలని వచ్చాను." గారూ అన్న మాటకు ఆయన తల కొంచెం పక్కకు తిప్పారు. నేను ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. "కుమ్హారి ఆఫీసులో ఆ రోజు నేను అన్నది అబద్ధం. మీరు చెప్పిన కొలతలన్నీ సరైనవే. లెక్క తప్పు చేసింది నేను."

 లోపల గ్రైండరు మొదలై ఆగింది.

"నా కొలత తప్పు కాదని నాకు తెల్దేటి బాబూ," అన్నారు. "మీకు తెల్సో నేదో, అదే ఇన్నాల్లూ తెల్లేదు."

"ఆ రోజు మీరెందుకు ఒప్పుకున్నారు?"

"మీరు సిన్నోరు. నోటిమాట ఎనక్కి రాదు మీ ఇంట్లో. గర్డరు సూస్తే ఎదర ఉండిపోయింది. ఎవలో ఒకలు ఒప్పీసుకుంటే పనవుద్దనుకున్నాను." మసక కళ్లు షెడ్డు వైపు తిప్పి, "ఒకపాలి పనికే అనుకున్నాను. ఇన్నేల్లు అంటుకుంటాదని అనుకోనేదు" అన్నారు.

రత్నం టీ తెచ్చింది. ముగ్గురం తాగాం. నేను లేచేటప్పుడు ఆయన అడిగారు.

"మరి ఆల్లకెవలు సెప్తారు బాబూ? ఆ రోజు నవ్వినోల్లకి?"

 ఆ ఆఫీసు లేదు, ఆ ఇంజనీరు ఎటు బదిలీ అయిపోయాడో తెలియదు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ల పేర్లు నాకు అప్పుడే తెలియవు. వాళ్లలో ఎవరైనా, వాళ్ల పిల్లలెవరైనా, ఇది చదవవచ్చుననే ఆశతో రాస్తున్నాను. గర్డరు ఎత్తు ఇరవై సెంటీమీటర్లు. పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు. వెడల్పు పది, మందం ఒకటి. సింహాచలం గారు కొలిచి చెప్పినవి ఇవే. వీటిలో తప్పు లేదు.